రచన పెట్టని సంతకం

లాల్‌దర్వాజా గాజుల వ్యాపారి వైకుంఠం కూతురు రచనకు తలపొగరని పేరు. ఉంటే ఉండనివ్వండి, ఆ పొగరే లేకపోతే ఈ కథే లేదు. ఇంజనీరింగ్ చదివి తండ్రి దుకాణంలోనే కూర్చుంది. అక్కడే ఒక యాప్ రాసింది. రూపాయి బిళ్ల పక్కన చెయ్యి పెట్టి ఫొటో తీస్తే ఏ సైజు గాజు పడుతుందో చెబుతుంది. పెళ్లాం చేతి కొలత తెలియని మగవాళ్లకు ప్రాణం లేచొచ్చింది. చుట్టుపక్కల దుకాణాలకూ ఊరికే ఇచ్చింది.

ఒక పొద్దున షట్టర్ ఎత్తగానే ఇస్త్రీ చొక్కా మనిషి ఒకడు వచ్చాడు. బోణీ బేరాన్ని నొప్పించడం వైకుంఠం ఇంటావంటా లేదు. యాప్ గురించి అడిగితే మురిసిపోయి అంతా చూపించాడు. ఎవరెవరు వాడుతున్నారో పేర్లు చెప్పి, చాయ్ కూడా తాగించి పంపాడు. ఆ తర్వాత కొద్దిరోజులకే రచనతో పాటు ఆ పేర్లన్నిటికీ నోటీసులు వచ్చాయి. చేతి ఫొటోతో గాజు కొలత చెప్పే పద్ధతి మీద ఎక్కడో ఉన్న ఒక కంపెనీకి పేటెంటు ఉందట. రాసినవాళ్లదే కాదు, వాడినవాళ్లదీ తప్పేనట. పులుసులో చింతపండు వేసే హక్కు మాదే అన్నట్టుంది ఇది.

వాళ్లదేదీ తాను చూడనే లేదని, ప్రతి లైనూ సొంతంగా రాసుకున్నానని రచన వకీలు భరద్వాజ్ ముందు మండిపడింది. కాపీ కొట్టావా లేదా అన్నది పేటెంటు కేసులో లెక్కలోకి రాదని, సొంతంగా తట్టిన ఆలోచన కూడా చిక్కుల్లో పడేస్తుందని ఆయన చెప్పాడు. ఆ పేటెంటు చెల్లదని పోరాడవచ్చు, కానీ ఏళ్లు పడుతుంది. పద్ధతి కంపెనీదేనని ఒప్పుకుని సంతకం పెట్టి, యాప్ మూసేస్తే దుకాణాల జోలికి రామంటున్నారు, పెట్టేయమన్నాడు.

వైకుంఠం తల పట్టుకున్నాడు. "నా నోరే కొంప ముంచింది బిడ్డా. సంతకం పెట్టు."

"ఇయ్యాల గిది ఒప్పుకుంటే, రేపు ఏం రాయాలన్నా ఎవలనో అడగాలె బాపు. నేను పెట్ట."

తన మొండితనానికి ఇంకొకరు బలికావడం మాత్రం ఆమెకు ఇష్టం లేదు. దుకాణం దుకాణం తిరిగి, కేసు తాను చూసుకుంటానని, యాప్ తీసేయమని చెప్పింది. చాలామంది తీసేశారు. పొట్టకూటి వ్యాపారం చేసుకునేవాళ్లను తప్పుపట్టలేం. ఆఖరున అదే బజారులో గాజులమ్మే విమలాదేవి దగ్గరికి వెళ్లింది. పక్షవాతంతో కుడిచేతి వేళ్లు మొద్దుబారినప్పటి నుంచి, ఆడవాళ్ల చెయ్యి ఒత్తి చూసి సైజు చెప్పడం ఆమె వల్ల కావడం లేదు. ఆ యాప్‌తోనే గాజులమ్ముతోంది.

రచన ఫోన్ కోసం చెయ్యి చాపింది. విమలాదేవి దాన్ని నడుములో దోపుకుంది.

"తియ్యకుంటే నీ మీద గూడ కేసైతది పెద్దమ్మా."

"కానియ్యి. నువ్వు లోపల ఏం రాసినవో నాకు తెల్వదు. గనీ దీంతోనే నా దుకాణం నేను నడుపుకుంటున్న. కోర్టుల నీ పేరు పక్కన నా పేరు గూడ పెట్టమని వకీలుకు చెప్పు."

అంత పొగరుబోతు పిల్లా గాజుల పెట్టెల నడుమ నిలబడి ఏడ్చేసింది. తర్వాత ముఖం తుడుచుకుని, నోటీసుకు రెండు పేర్లతో జవాబు రాయమని భరద్వాజ్‌కు ఫోన్ చేసింది.