బీపీ లేని ఎలుకలు

చిత్తూరు నుంచి తిరుపతి వెళ్లే బస్సులో నా పక్కన ఒక ముసలాయన, ఆయన భార్య కూర్చున్నారు. పక్షవాతం వచ్చి తగ్గాక ఆయనకు మతిమరుపు మొదలైందట. "యాడికి పోతాండావప్పా?" అని నన్ను నాలుగుసార్లు అడిగాడు. నాలుగుసార్లూ "తిరుపతికి" అన్నాను.

ఆమె నవ్వి, "నువ్వేం పని సేస్తావు నాయనా?" అంది.

అదే అదనుగా గొప్పగా చెప్పాను. "పక్షవాతం తర్వాత వచ్చే ఈ మతిమరుపుకే మా ల్యాబులో మందు వెతుకుతున్నామమ్మా. ఎలుకలకు ఈ జబ్బు తెప్పించి మందిస్తే చక్కగా నయమవుతోంది. మనుషుల దాకా వచ్చేసరికి ఇలాంటి మందులు పనిచేయడం లేదు. ఎందుకో అంతుపట్టడం లేదు."

ఆయన కండువా సర్దుతూ ఆమె అడిగింది. "మీ ఎలకలకు బీపీ ఉండాదా?"

"లేదమ్మా."

"సుగరు?"

"లేదు."

"ముసిలివా?"

"కాదు, పడుచువే."

"ఈయప్పకు డెబ్బై దాటినాయి. బీపీ, సుగరు రెండూ ఉండాయి. పడుచు ఎలక మందు లేకపోయినా లేసి తిరగతాది గదబ్బా!"

ముందు సీటువాళ్లు పకపకా నవ్వారు. ఎందుకో తెలియకపోయినా ముసలాయనా నవ్వాడు.

పూతలపట్టులో ఆయన్ని చెయ్యి పట్టుకుని దించి, ఆమె నా కిటికీ దగ్గరికి వచ్చింది. "ఆ మందు బిరీన కానీండి నాయనా. ఈయప్ప ఇంకా నా పేరు మర్సిపోలేదు."

ఆ వారమే ముసలి ఎలుకలు కావాలని మా ప్రొఫెసర్‌ను అడిగాను. ఎవరిచ్చారీ సలహా అన్నాడు. ఒక నిపుణురాలు అన్నాను.

"మంచిదే. కానీ మన ఎలుకలు ముసలివి కావడానికి ఏడాదిన్నర పడుతుంది. తొందరేముంది?" అన్నాడాయన.

ఏడాదిన్నర చాలా ఎక్కువని నాకు మొదటిసారి అనిపించింది.