గౌస్ మొహిద్దీన్ అడిగిన 417 ప్రశ్నలు

గౌస్ మొహిద్దీన్‌కి ప్రశ్నలు అడిగే జబ్బు ఉండేది. ఆరేళ్ళలో నాలుగువందల పదిహేడు అడిగాడు. వాటిలో బుర్ర ఉన్న మనిషి అడిగేది ఒక్కటీ లేదు.

తెనాలి మార్కెట్ పక్క సందులో బట్టల కొట్టు మేడ మీద రెండు కంప్యూటర్లు పెట్టుకుని వెబ్‌సైట్లు చేసేవాడు. నలభై ఏళ్ళు, ఒత్తైన గడ్డం, ఇస్త్రీ చొక్కా. పెళ్ళి కాలేదు. పని మాత్రం శుభ్రంగా చేసేవాడు. అతను చేసిన పేజీ ఏ కంప్యూటర్లో తెరిచినా ఒక్క గీత పక్కకి జరిగేది కాదు. అలాంటివాడు ఈ ప్రశ్నలు ఎందుకు అడుగుతాడన్నది కృష్ణా డెల్టాలో వెబ్ పేజీలు రాసుకునేవాళ్ళందరినీ వేధించిన సమస్య.

మాకో ఈమెయిల్ గ్రూపు ఉండేది. పేరు డెల్టా వెబ్ మిత్రులు. ఒకరు రాసింది అందరికీ వెళ్ళేది. కోడ్ ఎక్కడ ఆగిందో రాస్తే తెలిసినవాళ్ళు చెప్పేవాళ్ళు. 2002లో దాన్ని మొదలెట్టింది ముగ్గురు: గౌస్, బాపట్లలో కంప్యూటర్ లెక్చరర్ గౌరీశంకరం గారు, రేపల్లెలో కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ నడిపే రాజారత్నం. 2008 నాటికి మూడువందలమందిమి అయ్యాం. అందులో రెండువందల అరవైమంది ఎప్పుడూ నోరు విప్పిన పాపాన పోలేదు. కారణం ఉంది. మా దగ్గర ఒక ప్రశ్నకి సమాధానం ఒకటి వస్తే వెక్కిరింతలు పదిహేను వచ్చేవి. వాటిలో సగం రాజారత్నానివి. తెనాలిలో ఒక చిన్న పత్రిక వెబ్ పేజీ చూసుకునే నేను కూడా నాకు చేతనైనంత వెక్కిరించేవాణ్ణి.

ఎంత వెక్కిరించినా గౌస్ మాత్రం వారానికోసారైనా అడిగేవాడు.

"మా కోళ్ళ ఫారం సైటులో పుంజు బొమ్మ పెట్టాను. పేజీ తెరవగానే కూయాలి. కానీ తెల్లవారుజామున మాత్రమే కూయాలి. మధ్యాహ్నం తెరిచినవాళ్ళకి కూస్తే అబద్ధం అవుతుంది. ఎలా?"

రాజారత్నం నిమిషంలో రాశాడు: "భాయ్, మధ్యాహ్నం తెరిచినవాళ్ళకి కోడి కూర కనపడేలా పెట్టండి."

ఇంకోసారి: "మా కొట్టుకి శుక్రవారం సెలవు. ఆ రోజు వెబ్‌సైట్‌కి కూడా షట్టర్ దించాలా? దించకపోతే కార్మిక శాఖవాళ్ళు వస్తారా?"

అన్నిటికన్నా పేరు తెచ్చుకున్నది 2005 నాటిది. "నేను ఏడో నెల గర్భిణిని. కుర్చీలో ఎక్కువసేపు కూర్చోలేకపోతున్నాను. తక్కువ కోడ్‌తో మెనూ చేసే మార్గం చెప్పగలరు."

కింద సంతకం: గౌస్ మొహిద్దీన్, తెనాలి.

గ్రూపు మూడు రోజులు పని మానేసింది. రాజారత్నం శ్రీమంతం పాటలు పంపాడు. ఎవరో పేర్ల జాబితా పంపారు. గౌస్ మాత్రం తాపీగా "మెనూ సంగతి ఎవరైనా చెప్తారా?" అని మళ్ళీ రాశాడు. గౌరీశంకరం గారు పళ్ళు కొరుక్కుంటూ చెప్పారు.

మర్నాడు టీ కొట్టు దగ్గర గౌస్‌ని పట్టుకున్నాను.

"ఏంటి భాయ్, ఒంట్లో ఎలా ఉంది?"

"బానే ఉందండి."

"నెలలు నిండుతున్నాయా?"

"నిండుతాయి కదండీ. ఆగవు కదా."

"కోళ్ళ ఫారం ఎక్కడుంది భాయ్ మీకు?"

"ఉందనుకోండి."

"అనుకోవడం ఏంటి?"

"టీ చల్లారిపోతోందండి," అన్నాడు, నా గ్లాసు నా చేతిలో పెట్టి.

అప్పటివరకూ అడిగినవి పేర్చి చూస్తే గౌస్‌కి భట్టిప్రోలులో కోళ్ళ ఫారం, కొల్లిపరలో అరటి తోట, నందివెలుగులో ట్యూషన్ సెంటరు, బాపట్లలో చర్చి గాయక బృందం, దానికి తోడు ఏడో నెల గర్భం ఉన్నట్టు తేలింది. ఎవరికి తోచిన సిద్ధాంతం వాళ్ళు చెప్పేవాళ్ళు. స్క్రీన్‌ని మరీ దగ్గర్నుంచి చూడటం వల్ల నరం లాగిందని ఒకరు. మనల్ని పరీక్షిస్తున్నాడని ఇంకొకరు. "అదేం కాదు. మనిషికి సిగ్గు అనే భాగం బిగించలేదు," అని రాజారత్నం.

2008 జూన్‌లో గౌరీశంకరం గారికి ఓపిక అయిపోయింది. గ్రూపు నిర్వహణ ఆయనదే. కొత్త నిబంధన పెట్టారు: గ్రూపు పరువు తీసే ప్రశ్న మూడుసార్లు అడిగినవారిని తొలగిస్తాం. అందరికీ అని రాసినా, అది ఒక్కడి కొలతలు తీసి కుట్టిన చొక్కా అని మూడువందలమందికీ తెలుసు.

గౌస్ వారంలో రెండు అడిగేశాడు. రెండు హెచ్చరికలూ వచ్చేశాయి.

నాకు కొంచెం భయం వేసింది. గౌస్‌కి వచ్చే పనుల్లో సగం గ్రూపువాళ్ళు పంపేవే. బయటికి పంపేస్తే ఆ సగం పోతుంది. మేడ ఎక్కి అదే చెప్పాను.

"భాయ్, ఒక్క నెల నోరు కట్టుకోండి. ఆయన చల్లబడతారు."

"అలాగేనండి," అన్నాడు.

ఆ అలాగే తొమ్మిది రోజులు నిలబడింది. పదో రోజు మధ్యాహ్నం మూడుంబావుకి గ్రూపులో ఇది పడింది.

"అయ్యా, అర్జెంటు. పెళ్ళిళ్ళ బ్యూరో సైటులో ఒక పెళ్ళికొడుకు పేరు తప్పు పడితే జ్ఞానానందం అని దిద్దాను. ఎవరి పేరు దిద్దాలో చెప్పే చివరి ముక్క కోడ్‌లో రాయడం మర్చిపోయాను. ఇప్పుడు ఆరువందల నలభైమందీ జ్ఞానానందాలే. ఆడపిల్లలు కూడా. రేపు పొద్దున్న పదింటికి రెండు కుటుంబాలు సంబంధాలు చూసుకోడానికి వస్తున్నాయి. మిగతా పేర్లు నాకు గుర్తులేవు. నా ఉద్యోగం పోతుంది. గౌస్ మొహిద్దీన్, తెనాలి."

కంప్యూటర్‌ని తప్పు పట్టలేం. మార్చమన్నాడు, మార్చింది. ఎవరిదో చెప్పలేదు, అందరిదీ మార్చింది.

గ్రూపు ఊగిపోయింది. "వరుడు జ్ఞానానందం, వధువు జ్ఞానానందం. శుభలేఖ ఒక్కటే అచ్చు వేసి అందరికీ పంచొచ్చు," అన్నాడొకడు. "ఇక ఎవరూ ఇంటిపేరు తప్ప అడగక్కర్లేదు," అన్నాడు రాజారత్నం.

ఇరవై నిమిషాల్లో గౌరీశంకరం గారి జాబు వచ్చింది. అందులో రెండు పేరాలు. మొదటిది: "మన సైట్లన్నీ ఉంచే కంపెనీవాళ్ళు రోజూ సాయంత్రం ఆరింటికి అన్నిటికీ నకలు తీసి, పాత నకలు పారేస్తారు. ఆరులోపు ఫోన్ చేసి నిన్నటి నకలు అడగండి. ఆరు దాటితే ఇక ఆ జ్ఞానానందాలే మిగులుతారు." రెండోది: "మీరు అడిగింది మూడోది. మిమ్మల్ని గ్రూపు నుంచి తొలగించడమైనది."

ఒకే మనిషిని ఒకే జాబులో ఒడ్డునా పడేశారు, నీళ్ళలోనూ తోశారు.

మాకో ఆనవాయితీ ఉండేది. ప్రతి నెలా రెండో ఆదివారం పాతవాళ్ళం ఎనిమిదిమందిమి ఎవరో ఒకరింట్లో కలిసేవాళ్ళం. తొలగింపు లాంటి పెద్ద విషయాలు అక్కడ ఖాయం కావాలి. ఈసారి బాపట్లలో గౌరీశంకరం గారిల్లు. ఆయన భార్య కనకదుర్గ గారు వంటింట్లో పెసరట్లు వేస్తున్నారు. గౌస్ కూడా వచ్చి గోడవారన కుర్చీలో కూర్చున్నాడు.

"గౌస్ గారూ, మీరంటే నాకు కోపం లేదు," మొదలెట్టారు గౌరీశంకరం గారు. "ఇకమీదట ఇలాంటివి అడగనని ఒక్క ముక్క రాసివ్వండి. తొలగింపు వెనక్కి తీసుకుంటాను."

"అది రాయలేనండి."

"ఏం?"

"మళ్ళీ అడుగుతాను కదండీ."

"పోనీ, ఎందుకు అడుగుతున్నారో అయినా చెప్పండి."

"అదీ చెప్పలేనండి."

"మరి నన్నేం చేయమంటారు?"

"తీసేయండి సార్. నిబంధన నిబంధనే కదా," అని పెసరట్టు తుంచుకున్నాడు.

అంతలో వాకిట్లో చెప్పులు విడిచిన చప్పుడైంది. నలభై అయిదేళ్ళ మనిషి, చంకలో ఫైలు, రొప్పుతూ లోపలికొచ్చాడు.

"నమస్తేనండి. నా పేరు పౌలు. రేపల్లె పెళ్ళిళ్ళ బ్యూరోలో సైటు చూస్తానండి. అందర్నీ జ్ఞానానందం చేసింది నేనండి."

గౌస్ ఒక్క ఉదుటున లేచాడు. "పౌలన్నా, నిన్నెవరు రమ్మన్నారు? రైలు టైమైంది, బయల్దేరు."

"ఉండు భాయ్. డేటాబేస్ పని నీకూ రాదన్నావు. సార్లకి తెలుస్తుంది, పెడతానన్నావు. ఇదే ఆఖరి ప్రశ్న, పెడితే నిన్ను తీసేస్తారని ఒక్క మాట చెప్పావా?" పౌలు మా వైపు తిరిగాడు. "ఆరుకి పావుగంట ముందు పేర్లన్నీ తిరిగొచ్చాయండి. నా ఉద్యోగం నిలబడింది. గ్రూపులో పేరుంది గానీ జాబులు చదవనండి, ఈయన్ని తీసేశారని నిన్న తెలిసింది. తీసేస్తే నన్ను తీసేయండి. నాకెలాగూ గ్రూపులో అడిగే ధైర్యం లేదు."

గౌరీశంకరం గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. రాజారత్నం నవ్వబోయాడు.

"సరేనయ్యా, ఒక్కటి పౌలుది. మరి మిగతా నాలుగువందల పదహారు?" అన్నారు గౌరీశంకరం గారు.

రాజారత్నం నవ్వు సగంలో ఆగింది.

"నాలుగువందల పదిహేను," అన్నాడు మెల్లగా. "కోడిపుంజు నాది."

"నీదా?"

"మా బావమరిది ఫారం. ఇన్‌స్టిట్యూట్ బోర్డు పెట్టుకుని, పుంజుని కూయించడం రాదని ఎలా అడగమంటారు?"

"దాని కింద జోకు రాసింది నువ్వే కదయ్యా!"

"రాయకపోతే అనుమానం రాదా సార్? అయినా నాదొక్కటే పెట్టాడనుకున్నాను. మిగతావి ఈయన సొంత తెలివి అనుకుని వెక్కిరించాను."

నేను పెసరట్టు కేసి చూస్తూ కూర్చున్నాను. ఎక్కువసేపు చూడలేకపోయాను. 2006లో మా పత్రిక సైటులో ఒకాయన పోయారని వేశాను. పోయినాయనే ఫోన్ చేశారు. తీసేసిన వార్తని, అప్పటికే చదివేసినవాళ్ళ కంప్యూటర్లలోంచి కూడా తీయడం ఎలాగని గౌస్‌ని చెవిలో అడిగాను. నా పేరు రాకుండా గ్రూపులో పెట్టాడు. దాని కింద మొదటి వెక్కిరింత నాదే. నాదొక్కటే అని నేనూ అనుకున్నాను. వార్తలు పోగుచేయడమే పనిగా బతికినవాణ్ణి, నా ముక్కు కిందున్న వార్త పసిగట్టలేకపోయాను.

"అసలు ఈ ఇంట్లో అడగనివాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అన్నారు గౌరీశంకరం గారు, నీరసంగా.

వంటింటి గుమ్మంలో కనకదుర్గ గారు నిలబడ్డారు, చేతిలో అట్లకాడతో.

"కంప్యూటర్లో ఏయే పేజీలు చూశామో ఆ జాబితా చెరిపేయడం ఎలాగని అడిగింది నేనండి."

"దానికి సమాధానం రాసింది నేను!"

"అవునండి. చాలా బాగా రాశారు. మూడేళ్ళుగా అదే వాడుతున్నాను."

"ఎందుకు వాడటం?"

"నేను ముట్టుకుంటే పాడైపోతుందని మీరంటిరి. మీరు కాలేజీకి వెళ్ళాక కూర్చుని నేర్చుకున్నాను. పచ్చళ్ళ సైటు ఒకటి బ్రహ్మాండంగా ఉందని పోయిన నెల గ్రూపులో మెచ్చుకున్నారే, అది ఎవరిదో కనుక్కున్నారా?"

గౌరీశంకరం గారు కనుక్కోలేదు. ఇప్పుడు కనుక్కోవలసిన అవసరం కూడా లేకపోయింది.

చివరికి ఆయనే గౌస్ వైపు కుర్చీ లాక్కున్నారు. "ఇంతమంది చెవిలో అడిగితే, తెలిసినవి మీరే చెప్పేయొచ్చుగా? గ్రూపులో పెట్టడం ఎందుకు?"

"నేను చెప్తే ఒక్కరికే తెలుస్తుందండి. గ్రూపులో పెడితే అదే సందేహం ఉండి అడగలేని పదిమందికి తెలుస్తుంది."

"కనీసం ఆ గర్భం సంగతి తీసేసి పెట్టొచ్చు కదా!"

"తీసేస్తే మీరు తక్కువ కోడ్ చెప్తారా అండి? ఎక్కువ కోడ్ చెప్పేవారు. ఎవరి ప్రశ్న వాళ్ళ గొంతుతోనే ఉండాలి."

"ఆరేళ్ళు తిట్లు తిన్నారు. బాధ అనిపించలేదా?"

గౌస్ గడ్డం గీరుకున్నాడు. "ప్రశ్న నాది కాదు కాబట్టి తిట్టు నాకు తగల్లేదండి. పేరు వాళ్ళది కాదు కాబట్టి వాళ్ళకీ తగల్లేదు. మధ్యలోంచి పోయేది."

ఆ గర్భిణి ఎవరని రాజారత్నం ఎంత బతిమాలినా చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు.

తొలగింపు ఆ పూటే రద్దయింది. సోమవారం పొద్దున్నే గౌరీశంకరం గారు గ్రూపులో ప్రకటించారు: "ఇకమీదట ఎవరైనా, ఎలాంటి ప్రశ్నైనా, సొంత పేరుతో నిర్భయంగా అడగవచ్చు. ఎవరూ నవ్వరాదు."

ఆ రోజు సొంత పేరుతో ఒక్కరూ అడగలేదు. గౌస్ పేరుతో మాత్రం ఇరవై ఆరు వచ్చాయి. ఆదివారం సంగతి నోటా నోటా పాకి, ఇన్నాళ్ళూ కొద్దిమందికే తెలిసిన దారి మూడువందలమందికీ తెలిసిపోయింది మరి. గౌస్ టీకి కూడా కిందికి దిగకుండా టైపు కొడుతూనే ఉన్నాడు. ఇరవై ఆరోది సాయంత్రం నాలుగున్నరకి పడింది.

"నాకు పెళ్ళై ఇరవై రెండేళ్ళైంది. మా ఆవిడ నాకన్నా బాగా వెబ్ పేజీ చేస్తుందని నిన్ననే తెలిసింది. ఆవిడ దగ్గర నేర్చుకోవాలని ఉంది, కానీ నేను లెక్చరర్ని. ఆవిడకి తెలియకుండా ఎలా నేర్చుకోవాలి? గౌస్ మొహిద్దీన్, తెనాలి."

మూడువందలమందిలో ఒక్కరూ వెక్కిరించలేదు. రాజారత్నం కూడా. నాలుగు నిమిషాల తర్వాత జాబు వచ్చింది. ఆ పొద్దున్నే గ్రూపులో చేరిన కనకదుర్గ గారు రాశారు:

"గౌస్ గారూ, మీ ఆవిడ అయిదింటికి ఖాళీ. కాఫీలు మీరే కలిపి, రెండు గ్లాసులు పట్టుకుని వచ్చి పక్కన కూర్చోండి."