గుసగుసల్లో ఓడల తగువు

మొన్న ఆదివారం ఆక్లండ్ శివారు టకానినిలో అమ్మ దగ్గరికి వెళ్ళినప్పుడు, చాన్నాళ్ళకి ఎండ బాగా కాసిందని బీరువాలోని దుప్పట్లన్నీ తీసి పెరట్లో తీగ మీద ఆరేస్తుంటే, అన్నిటికన్నా అడుగున మడతపెట్టి ఉన్న ఆకుపచ్చ గళ్ళ కంబళి చేతికి తగిలింది. దులిపేసరికి ముందు కలరా ఉండల ఘాటు వచ్చింది. దాని కిందనుంచి నెమ్మదిగా పాత ఉన్ని వాసన, మరిగి మరిగి చేదెక్కిన టీ, చెక్క నేలకి రాసే పాలిషు, వీటన్నిటి మధ్యా ఎలా దూరిందో గానీ పులిహోర పోపు వాసన. అందులో సగం నా ముక్కు కల్పించుకున్నదే కావచ్చు. వారమంతా ఆఫీసులో నలిగి, పొద్దున్నే పిల్లాణ్ణి సాయంత్రందాకా సాగే ఈత పోటీలకి దింపి, అరగంట మోటర్‌వే మీద డ్రైవ్ చేసి వచ్చిన నాకు, ఆ కంబళి కప్పుకుని అక్కడే గడ్డిలో పడుకోవాలనిపించింది. ఆ కంబళి మా ఇంటికి వచ్చినప్పుడు అమ్మకి ఇప్పటి నా వయసే.

రెండు వేల సంవత్సరం దాటాక వచ్చిన తొలి ఏళ్ళవి. బాపట్లలో నర్సుగా చేసిన అమ్మకి ఇక్కడ ముందు దొరికిన పని వృద్ధుల హోంలో నైట్ డ్యూటీ. తర్వాత ఇక్కడి రిజిస్ట్రేషన్ వచ్చింది గానీ నైట్ డ్యూటీ మాత్రం ఆవిణ్ణి వదల్లేదు. ఆదివారం పొద్దున నాన్నా నేనూ కారులో వెళ్ళి హోం గేటు దగ్గర అమ్మని ఎక్కించుకుని, అటునుంచి అటే మౌంట్ ఆల్బర్ట్‌లో మన తెలుగువాళ్ళ ఆరాధన జరిగే హాలుకి వెళ్ళేవాళ్ళం. ఆ హాలు మాది కాదు. పొద్దున మాకూ, మధ్యాహ్నం పాత ఓడల పిచ్చి ఉన్న కివీ ముసలివాళ్ళ సంఘానికీ అద్దెకిచ్చేవారు. తాళాలు, కుర్చీలు, నేల తుడవడం నాన్న బాధ్యత. ఆ ఓడలవాళ్ళు టీ తాగి, తగువులాడుకుని, కప్పులు కడిగి వెళ్ళేదాకా మేం కదలడానికి లేదు. ఉన్నది ఒక్క కారు, ఆదివారం రైళ్ళని నమ్ముకున్నవాడు లేడు. రాత్రికి మళ్ళీ డ్యూటీ. అందుకని అమ్మకి నిద్ర అంటూ ఉంటే ఆ హాల్లోనే, ఆ మధ్యాహ్నమే.

ఆరాధన అయ్యాక ఆంటీలంతా డబ్బాల మూతలు తీసేవారు. పులిహోర, కోడికూర, పెరుగన్నం. క్రిస్మస్ నెలలో అయితే అరిసెలు, కజ్జికాయలు, బయట పొహుటుకావా చెట్టు ఎర్రటి పూల రేకల్ని కార్ల మీద రాలుస్తుంటే మెట్ల మీద కూర్చుని తినడం. చలికాలంలో రేకుల కప్పు మీద వాన, గోడ హీటర్ల కాలిన దుమ్ము వాసన, తడిసిన ఉన్ని కోట్ల వాసన. తిన్నాక పిల్లలంతా సాక్సులతో ఆ పాలిషు నేల మీద ఈ చివర్నించి ఆ చివరికి జారుతూ ఆడేవాళ్ళు. గోడకి గుద్దుకున్నవాడే గెలిచినట్టు. నాకా ఆట సగంలోనే ఆగిపోయేది. అమ్మ వెనక గోడవారగా కుర్చీలు జతచేసుకుని, చెప్పులు విప్పి, కొంగు మొహం మీద కప్పుకుని పడుకోగానే నేను పక్కన కాపలా కూర్చునేదాన్ని. ఎవరూ చెప్పలేదు. డ్యూటీ దిగి కారెక్కినప్పుడు అమ్మ కళ్ళ కింద నలుపు చూస్తే నాకు భయం వేసేది, అంతే.

ఓడలవాళ్ళు వచ్చిన మొదటి ఆదివారం పెద్ద రభసే అయింది. వాళ్ళలో డెస్ అంకుల్ అని బక్కపల్చటి ఆయన, వయసులో ఉండగా ఇంగ్లండు నుంచి ఈ దేశానికి జనాన్ని మోసుకొచ్చిన పాత ఓడలో స్టూవర్డు, అంటే ప్రయాణికులకి టీలూ భోజనాలూ అందించే పని. మోరీన్ ఆంటీ చిన్నపిల్లగా అమ్మానాన్నలతో అలాంటి ఓడలోనే వచ్చి దిగింది. వీళ్ళిద్దరికీ తగువు తప్ప వేరే చుట్టరికం లేదు. మిగతావాళ్ళు చెరో పక్కా చేరి తలలూపేవారు. మేం అంకుల్, ఆంటీ అంటే మొదట వాళ్ళు వెనక్కి తిరిగి ఇంకెవర్నో అనుకున్నారు గానీ, తర్వాత ఆ పిలుపుకి మురిసిపోయేవారు. ఆ రోజు డెస్ అంకుల్ బల్ల మీద చరిచి ఏదో ఓడ పేరు అరిచాడు. అమ్మ ఉలిక్కిపడి లేచి, కళ్ళు పూర్తిగా తెరవకుండానే, "కమింగ్, డియర్, కమింగ్" అంటూ చెప్పుల్లేకుండా ఆ బల్ల దాకా నడిచి, డెస్ అంకుల్ భుజం కింద చెయ్యి వేసి లేపబోయింది. హోంలో ఎవరో గంట కొట్టారనుకుంది. ఎక్కడున్నదీ తెలిశాక సిగ్గుతో ఆవిడ మొహం ఎర్రబడింది. అంతకన్నా ఎక్కువ ఆ ముసలాయన మొహం.

మరుసటి ఆదివారం ఆయన ఈ కంబళి తెచ్చాడు. పాత ఓడల్లో పైన చెక్క కుర్చీల్లో కూర్చుని సముద్రం చూసేవాళ్ళకి ఒళ్ళో కప్పుకోమని ఇచ్చేవారట. "ఎవర్నడిగి ఇంటికి తెచ్చుకున్నావు?" అని మోరీన్ ఆంటీ అంటే, "ఓడే ఇచ్చింది" అన్నాడు. అమ్మకి కప్పి, వెనక్కి మునివేళ్ళ మీద నడిచి వెళ్ళాడు. ఆ రోజునుంచి వాళ్ళ తగువంతా గుసగుసల్లోకి దిగింది.

గుసగుసగా పోట్లాడుకునే ముసలివాళ్ళని మీరెప్పుడైనా చూశారో లేదో. మెడనరాలు తేలతాయి, వేళ్ళు గాల్లో పొడుస్తాయి, గొంతు మాత్రం పాలు పొంగకుండా మంట తగ్గించినట్టు ఉంటుంది. ఓడంటే కోసుగా ముక్కు, వంపుగా నడుం, దర్జాగా ఒక పొగగొట్టం ఉండాలని డెస్ అంకుల్. ఇప్పటివి బట్టలారేసుకునే బాల్కనీలు పేర్చిన అపార్ట్‌మెంట్లనీ, గాలి గట్టిగా వీస్తే రేవు వదలవనీ ఆయన వాదం. పాత ఓడల పేరుప్రతిష్ఠలన్నీ దూరంనుంచి ఫొటోలు తీసుకున్నవాళ్ళు కట్టబెట్టినవేననీ, లోపల వాంతులు చేసుకున్నవాళ్ళని ఎవరూ అడగలేదనీ మోరీన్ ఆంటీ. అలలకి ఒరగకుండా పట్టుకునే రెక్కలు కొత్త ఓడలకి నీళ్ళలో ఉంటాయట. తన ఓడ ఒరుగుతుందన్న చెడ్డపేరు ఆయన దగ్గర ఎత్తకూడదు. "అది ఓడ తప్పు కాదు, సముద్రం తప్పు" అనేవాడు. నాన్న చీపురు పక్కన పెట్టి నా చెవిలో, "ఆడలేక మద్దెల ఓడన్నాట్ట" అని నవ్వేవాడు. నాకు ఓడలతో పనిలేదు. ఎవరి గొంతు తగ్గితే నేను వాళ్ళ పక్షం. మిగిలిన పులిహోర వాళ్ళకి పెడితే, జీడిపప్పు ఏరుకుని తింటూ కూడా ఆ తగువు ఆగేది కాదు.

ఒక చలికాలం ఆదివారం అది చెడింది. కొత్తగా కట్టిన పెద్ద ఓడ ఒకటి వచ్చే వేసవిలో ఆక్లండ్ రేవుకి వస్తోందనీ, అది షికారు ఓడ కాదు, పాతవాటికి దీటుగా మహాసముద్రాలు దాటడానికే కట్టిన అసలు లైనరేననీ మోరీన్ ఆంటీ ఫొటో తెచ్చి బల్ల మీద పెట్టింది. చూడ్డానికి రానన్నాడు డెస్ అంకుల్. "నీ ఓడని తుక్కుకి అమ్మేసి ఎన్నేళ్ళయింది! ఇంకా దాన్నే మోస్తావేం?" అందావిడ. ఆయన కుర్చీ వెనక్కి తోసి లేచాడు. "దాన్ని విరగ్గొట్టారు గానీ, ఇలాంటి డబ్బా ముందు దాని తల వంచనివ్వను. ఇక నేను రాను!" అని గొంతు చించుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది. ముందురోజు రాత్రి రావాల్సిన మనిషి రాక అమ్మ ఇద్దరి పనీ ఒక్కతే చేసి వచ్చింది. ఆ కాసేపు నిద్రా పోతే ఆవిడ రాత్రికి ఎలా నిలబడుతుంది?

కంబళి కిందనుంచి, కళ్ళు తెరవకుండానే, అమ్మ ఇంగ్లీషులో అడిగింది: "డెస్, ఏ ఓడలో నిద్ర బాగా పడుతుంది?"

కోటులో ఒక చెయ్యి దూర్చిన మనిషి అలాగే నిలబడ్డాడు. "నిద్రా?" అన్నాడు. "మేం అడుగున, ఇంజను పక్కన, ఆరుగురికో గది. తెల్లారకముందే పైవాళ్ళకి టీ. ఆ ఓడంటే నాకు ప్రాణం. కానీ దాన్లో ఒక్కరోజూ కంటినిండా నిద్రపోలేదు." అందరూ మోరీన్ ఆంటీ వంక చూశారు. "నేనూ పోలేదు. అమ్మ నా తల పట్టుకుని కూర్చునేది" అంది. మరి కొత్తవాటిలో అని ఎవరో అడిగితే, ఆవిడ ఫొటో సర్దుకుంటూ, "నేనింకా ఎక్కలేదుగా" అంది. ఎక్కినాయనకి నిద్ర లేదు, కొత్తవే మేలన్నావిడ వాటిని ఎక్కనే లేదు.

అమ్మ అటు తిరిగి పడుకుంది. ఇక ఆవిణ్ణి లేపకూడదని ఎవరూ మాట్లాడలేదు. చెంచా కూడా కదలలేదు. ఎన్నడూ లేని ఆ నిశ్శబ్దానికి నేను సంతోషించేలోపే అమ్మ గబుక్కున లేచి కూర్చుంది.

"ఏమైందే? ఎందుకు ఆపేశారు?"

"నువ్వు పడుకుంటావని."

"చప్పుడు లేకపోతే నాకు మెలకువొచ్చేస్తదే అమ్మలూ. హోంలో ఏదన్నా గది నిశ్శబ్దంగా ఉందంటే లోపలివాళ్ళకి ఏదో అయిందని లెక్క. వీళ్ళు అట్టా గొణుగుతుంటే అందరూ బాగున్నారని పడుకుంటా."

ఆ మాట నేను ఇంగ్లీషులో చెప్పాను. డెస్ అంకుల్ కోటులోంచి చెయ్యి బయటికి తీసి, కుర్చీ చప్పుడు కాకుండా లాక్కుని కూర్చున్నాడు. కళ్ళజోడు టైతో తుడుచుకుని, మెల్లగా, "అది లైనరు కాదు" అన్నాడు. "లైనరే" అంది మోరీన్ ఆంటీ, ఇంకా మెల్లగా. అమ్మ కంబళి లాక్కుంది. ఆ సాయంత్రం వాళ్ళు మామూలుకన్నా చాలాసేపు పోట్లాడుకున్నారు.

ఆ వేసవిలో ఆయన రేవుకి వచ్చాడు. జేబుల్లో చేతులు పెట్టుకుని ఆ ఓడని పైనుంచి కిందికి చూసి "పర్లేదు" అన్నాడు. తర్వాత ఆ మాట తాను అననే లేదన్నాడు. ఇప్పుడాయన లేడు. మోరీన్ ఆంటీ టౌరంగాలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది, కొన్నాళ్ళు క్రిస్మస్ కార్డులు వచ్చి ఆగిపోయాయి. హాలు పడగొట్టి ఇళ్ళు కట్టారు. మా సంఘానికి ఇప్పుడు సొంత మందిరం ఉంది, నేలంతా కార్పెట్టు, పిల్లలు జారడానికి లేదు. నాన్న పోయాక అమ్మ ఇంట్లో ఫ్రిజ్ చప్పుడు తప్ప ఏమీ వినపడదు. రిటైరయినా ఆవిడకి నిద్ర కుదురుకోలేదు. ఇన్నేళ్ళు ఇతరుల నిద్రకి కాపలా కాసి, తన నిద్రని ఎక్కడ పెట్టిందో మర్చిపోయినట్టుంది.

మొన్న భోజనం అయ్యాక, ఎండకి వెచ్చబడిన కంబళి తెచ్చి సోఫాలో అమ్మ కాళ్ళ మీద కప్పాను. కళ్ళు మూసుకుంది, తెరిచింది, మళ్ళీ మూసుకుంది.

"ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉందే" అంది.

నేను పక్కన కూర్చుని, గొంతు తగ్గించి, "ఎన్నయినా చెప్పు, పాత ఓడలే ఓడలు" అన్నాను.

అమ్మ పెదవి కదిలింది. "ఒరగని ఓడ ఒక్కటి చూపించు" అంది కళ్ళు తెరవకుండానే. నేను వంపు నడుం గురించి చెప్పాను. ఆవిడ బాల్కనీల్ని వెనకేసుకొచ్చింది. పొగగొట్టం అన్నాను. ఊఁ అంది. ఆ తర్వాత ఊపిరి బరువుగా, సమంగా వినపడసాగింది. ఇంటికి బయల్దేరే వేళ దాటిపోతోంది, ఈతనుంచి తీసుకెళ్ళమని పిల్లాడు చేస్తుంటే నా ఫోను ఒళ్ళో రెండుసార్లు అదిరింది. వాళ్ళ నాన్నని వెళ్ళమని మెసేజ్ పెట్టాను. ఇద్దరి వాదనా నేనే అందుకున్నాను. నాకు తెలిసిన ఓడల సంగతులు త్వరగానే అయిపోయాయి, చెప్పినవే మళ్ళీ మొదలుపెట్టాను. ఆపితే అమ్మ లేచిపోతుంది.