వక్కే కదా అనుకున్నాం

మా తమ్ముడి పెండ్లి హిందూపురంలో జరిగింది. తొంభైల నడిమి కాలం. పెండ్లి పనులన్నీ నేనే రాసి పెట్టుకున్నాను. నీళ్ళు ఎవరు పోయాలి, విస్తర్లు ఎవరు వెయ్యాలి, తాంబూలం పళ్ళెం ఎవరి చేతిలో ఉండాలి అని. ఆ జాబితా ఆ ఏటి డైరీలో ఇప్పటికీ ఉంది. పళ్ళెం పని మా చెల్లెలి కొడుక్కి అప్పగించాను. అప్పటికి వాడికి పద్నాలుగేళ్ళు. వాళ్ళది ధర్మవరంలో మగ్గాలు నేసే ఇల్లు.

ఆ రోజుల్లో పెండ్లి పళ్ళెంలో తమలపాకుల పక్కన గుట్కా పొట్లాలు పెట్టడం మర్యాద అయిపోయింది. పెట్టకపోతే పిసినారి అనేవాళ్ళు. నేనూ పెట్టించాను. అందులో పొగాకు ఉందని పొట్లం మీద చిన్న అక్షరాల్లో రాసి ఉంది. నేను చదివాను కూడా. చదవకుండా దేన్నీ కొనే అలవాటు నాకు లేదు. అయినా మా దృష్టిలో అది పొగాకు కాదు, వక్క. మా వైపు వక్కాకు అంటే గౌరవం. సంబంధం కుదిరితే వక్కాకు మార్చుకుంటారు. ఇంటికొచ్చిన మనిషికి వక్కాకిచ్చి సాగనంపుతారు. బీడీ తాగిన పిల్లవాణ్ణి గుంజకు కట్టేసి కొట్టే ఇండ్లలో కూడా, గుట్కా నమిలిన పిల్లవాణ్ణి ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు.

భోజనాలయ్యాక వాడు పళ్ళెం పట్టుకొని అందరి ముందూ వంగి వంగి తిరిగాడు. మా పెద్దనాయన వరసాయన ఒక పొట్లం చించి, సగం తన నోట్లో పోసుకొని, మిగతా సగం వాడి అరచేతిలో పోశాడు.

"తినబ్బా, పెండ్లి వక్క. మగోనివి కాదా నువ్వు?"

వాడు నా వైపు చూశాడు. నేను నవ్వాను. ఆ నవ్వు సంగతి డైరీలో లేదు. రాయదగినంత విషయమని ఆ రోజు అనిపించలేదు.

పదో తరగతి తప్పాక వాడు మగ్గంలో కూర్చున్నాడు. సొంత ఇంట్లో కాదు, వీధి చివర ఒక షావుకారి షెడ్డులో. నాలుగు మగ్గాలు, నలుగురు కుర్రవాళ్ళు. షావుకారు గుట్కా పొట్లాల దండ ఒకటి గుంజకు వేలాడదీసేవాడు. అది నోట్లో ఉంటే ఆకలి తెలియదు, మగ్గం దిగరు. ఒకడు పొట్లం చించితే నలుగురూ పంచుకోవాలి. వద్దన్నవాణ్ణి, "పోరా, పోయి మీయమ్మ కొంగు పట్టుకో" అని ఆ పూటంతా ఏడిపించేవాళ్ళు.

మా చెల్లెలికి ఇదంతా తెలుసు. నేనొకసారి అడిగితే, "సారాయి ముట్టలే, బీడీ ముట్టలే నా బిడ్డ. వక్కే కదన్నా" అంది. సరేలే అన్నాను. నాకప్పుడు పెనుకొండలో గుమాస్తా ఉద్యోగం. రైలెక్కి తరచూ వాళ్ళింటికి పోయి వచ్చేవాణ్ణి. పోయినప్పుడల్లా వాడి ఎర్రటి పళ్ళు చూస్తూనే ఉన్నాను.

మొదట మారింది తిండి. నోరు మండుతోందని కారం మానేశాడు. తర్వాత సంగటి ముద్ద చిన్నదైంది. గోలీకాయంత చేసుకొని పళ్ళ సందున తోసుకునేవాడు. "ఏమబ్బా, కోడిపిల్ల మాదిరి తింటాండావు?" అని వాళ్ళవ్వ నవ్వేది.

పందొమ్మిదో ఏట వాణ్ణి హిందూపురంలో పళ్ళ డాక్టరుకు చూపించాను. "నీ వేళ్ళే మూడు ఒకదాని మీద ఒకటి నిలువుగా కలిపి నోట్లో పెట్టుకో" అన్నాడాయన. రెండే పట్టాయి. బుగ్గల లోపలి పొర తోలుపట్టీ లాగా బిగుసుకుపోతోందని, గుట్కా మానకపోతే నోరు ఇంకా మూసుకుపోతుందని, ఆ పైన పుండు లేస్తే అది క్యాన్సర్ కావచ్చని చెప్పాడు. బుగ్గల్లోకి సూదులు వేశాడు. ఐస్‌క్రీమ్ పుల్లలు పేర్చి రోజూ పళ్ళ మధ్య పెట్టుకోవాలని, ఓర్చుకోగలిగినప్పుడల్లా ఒక పుల్ల పెంచాలని అన్నాడు.

ఈ పని నాకు నచ్చింది. క్రమం ఉన్న పని. ప్రతి ఆదివారం ధర్మవరం పోయి, వాణ్ణి గడప దగ్గర వెలుతురులో కూర్చోబెట్టి, పట్టినన్ని పుల్లలు పెట్టి, ఆ అంకె డైరీలో రాసుకునేవాణ్ణి. పన్నెండుతో మొదలుపెట్టాం. కొన్ని నెలలకు పదిహేడుకు వచ్చాం. ఆ రోజు మా చెల్లెలు సంగటి మామూలు ముద్ద కట్టి పెట్టింది. వాడు దాన్ని తుంచుకొని తింటూ ఉంటే, పొయ్యి పొగని వంక పెట్టి లేచిపోయి మొహం కడుక్కొని వచ్చింది.

ఆ తర్వాత పదహారు. పదిహేను. మళ్ళీ పదిహేను. పద్నాలుగు.

"మళ్ళా తింటాండావా?"

"లేదు మామా."

"మరి పళ్ళ సందున ఈ ఎర్రదేందిరా?"

చేత్తో మూతి తుడుచుకున్నాడు. తర్వాత అన్నాడు. "పొద్దస్తమానం ఉండేది ఆళ్ళతోనే కదా మామా. నేను తినకుంటే, పొట్లం చించినప్పుడు నాకు చెయ్యి చాచరు. రోగిష్టోడు అంటారు. మాటల్లో గూడా కలుపుకోరు. ఆడ ఒక్కణ్ణే మూగోని మాదిరి కూర్చోవల్లనా?"

నేను అక్కడికక్కడే వాణ్ణి వెంటబెట్టుకొని షెడ్డుకు పోయాను. కుర్రవాళ్ళు మగ్గాలాపి లేచి నిలబడ్డారు. వాళ్ళలో పెద్దవాడు, "రా పెద్దాయనా, కూర్చో" అని పొట్లం చించి రెండు చేతులతో నా ముందు పట్టాడు. వద్దన్నాను. "మా కాడికొచ్చి వక్క వద్దంటే ఎట్ల? శకునం బాగుండదు" అన్నాడు. అందరూ నవ్వారు.

వాళ్ళకు చెప్పాలనుకున్న మాటలన్నీ పక్కన పెట్టి, "మూడు వేళ్ళు నిలువుగా నోట్లో పెట్టుకోండి చూద్దాం" అన్నాను. వాళ్ళకది ఆటైంది. "నాకు నాలుగు పడతాయి చూడు" అని పెద్దవాడు పెట్టుకున్నాడు. మూడు పట్టాయి. "రేయ్, నీది నోరా, బొక్కెనా?" అని ఎగతాళి చేశారు. రెండోవాడికి రెండే పట్టాయి. మెడ వెనక్కి వాల్చి, కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా తోసుకున్నాడు. పట్టలేదు. "నీ వేళ్ళు లావు లేరా" అంటూ మూడోవాడు తన వేళ్ళు నోటిదాకా తెచ్చి, ఆగి, లుంగీకి తుడుచుకున్నాడు. పెట్టుకోలేదు. మా మేనల్లుడు నేల చూస్తూ నిలబడ్డాడు.

మంచి పని చేశాననుకొని పెనుకొండ చేరాను.

తర్వాతి ఆదివారం వాడు నా మొహం చూడలేదు. రెండు వేళ్ళు పట్టినవాడు భయపడి పనికి రావడం మానేశాడట. ఒక మగ్గం ఆగిపోయిందని షావుకారు వీణ్ణి తిట్టాడట. "మీ మామను పిలుచుకొచ్చి సంతలో ఎద్దుల పళ్ళ మాదిరి మా నోళ్ళు చూపిస్తావా" అని మిగతా ఇద్దరూ మాటలు మానేశారట.

"మళ్ళా కలుపుకున్నారా?" అని అడిగాను.

"కలుపుకున్నారు. ఆళ్ళకంటే రెండు పొట్లాలు ఎక్కువే తిన్నా గదా."

ఆ రోజు పన్నెండు పట్టాయి. అంటే మొదలుపెట్టిన చోటికి వచ్చాం. తర్వాత పదకొండు, పది. తొమ్మిది పట్టిన రోజు వాడు పుల్లలు నా చేతిలోంచి తీసుకొని పక్కన పెట్టాడు.

"నువ్వు రాసుకునేకి నేను నోరు తెరిచినట్లుండాది మామా. చాల్లే."

కోపంగా అనలేదు. నేను డైరీ మూసి సంచిలో పెట్టుకున్నాను. ఆ తర్వాత ఆదివారాలు పోయినా, కొలవలేదు.

రెండేళ్ళకు నాలుక కింద పుండు లేచింది. బెంగుళూరులో కుడి దవడ ఎముక కొంత తీసేశారు. బతికాడు. గుట్కా మానేశాడు, ఇప్పుడు నమలడానికి ఏమీ లేదు. మా చెల్లెలు సంగటిని మజ్జిగలో కలిపి, గుడ్డలో వడగట్టి తాగిస్తోంది.

నేను పదవీ విరమణ చేసి హిందూపురంలో స్థిరపడ్డాను. ఆదివారాలు ఫోన్ చేస్తాను. ముందు వాడే తీస్తాడు. ఏదో అంటాడు. ఏమన్నాడో నాకు తెలియదు. "ఇంకోసారి చెప్పురా" అంటాను. చెప్తాడు. మూడోసారి కూడా నిదానంగా, విడదీసి చెప్తాడు. అప్పటికీ నాకు అర్థం కాకపోతే ఫోన్ వాళ్ళమ్మ చేతికిస్తాడు. "ఆరోగ్యం జాగర్త మామా అంటాండాడన్నా" అంటుంది మా చెల్లెలు.