ఇసుక కింద గాజు

మా కౌన్సిల్ కార్యాలయంలో ఆమెను అందరూ తనిఖీ అక్క అనేవాళ్లు. ఆమెకంటే వయసులో పెద్దవాళ్లకూ అక్కే. పార్కుల్లో ఉయ్యాలల గొలుసులు, వీధి కాలువల మీది మూతలు, మెట్ల పక్క కమ్మీలు, చెత్త వేరు చేసే డబ్బాలు, ఇలా జనం చెయ్యో కాలో తగిలేది ఏదైనా సరిగ్గా ఉందో లేదో చూసి సంతకం పెట్టడం ఆమె ఉద్యోగం. ఇరవై రెండేళ్లుగా అదే పని. ఉయ్యాల గట్టిదో కాదో చూడాలంటే తనే కూర్చుని ఊగేది. మనిషి కాస్త భారీ. "నన్ను మోసిందంటే ఊళ్లో పిల్లలందర్నీ మోసినట్టే" అని నవ్వేది.

నేను పర్యవేక్షణ కమిటీకి మినిట్స్ రాసే గుమాస్తాని. బహిరంగ స్థలాల భద్రత, ఇళ్ల నుంచి వేరు చేసి తెచ్చే చెత్త ఏమవుతోంది, ఈ రెండూ చూడటానికే ఆ కమిటీ ఉంది. అయిదుగురు సభ్యులు నెలకొకసారి ఏసీ గదిలో కూర్చుంటారు. నేను రాసిన తొమ్మిదేళ్లలో వాళ్లు ఆ గది గడప దాటి వెళ్లి చూసినది ఒక్కటీ లేదు. 'క్షేత్ర పరిశీలన జరిగినది' అని మాత్రం ప్రతి నెలా రాశాను. నా చేతులేం పడిపోలేదు.

ఒక సోమవారం పొద్దున్నే చిన్న పార్కు ఎదురుగా బట్టలు కుట్టే ఆవిడ నాలుగేళ్ల కూతుర్ని చంకనేసుకుని మా ఆఫీసుకి వచ్చింది. పిల్ల మోకాలికి పెద్ద కట్టు.

"ఇక్కడ పార్కులు చూసేదెవరండీ?"

"నేనే తల్లీ. ఏమైంది?" అంటూ అక్క లేచింది.

"జారుడుబల్ల మీంచి జారింది. ఇసుకలో మోకాలు ఆనింది, అంతే. తొమ్మిది కుట్లు. పొద్దస్తమానం కుట్టేదాన్నే కానీ, పిల్ల ఒంటి మీద కుట్లు చూడలేకపోయానండీ." ఆమె చీటీ గుడ్డలో చుట్టి తెచ్చినదాన్ని బల్ల మీద విప్పింది. డాక్టరు మోకాలిలోంచి తీసిన ఆకుపచ్చ గాజుపెంకు. సీసా మెడ ఒంపు ఇంకా తెలుస్తూనే ఉంది. "గేటు దగ్గర బోర్డుంది కదా, తనిఖీ చేశామని. కింద సంతకం కూడా ఉంది. ఆ సంతకం పెట్టినవాళ్లు ఏం చూశారో అడుగుదామని వచ్చాను."

ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే అక్కకి సులువయ్యేది.

ఆ సంతకం అక్కదే. పోయినేడు ఆ పార్కులో ఆటస్థలం తవ్వి మోకాలి లోతున కొత్త ఇసుక నింపాలని పని ఇచ్చారు. పని చేసిన కాంట్రాక్టరే మా రీసైక్లింగ్ కేంద్రాన్నీ నడుపుతాడు. అతను మా కమిటీలోనూ కూర్చునే కౌన్సిల్ వైస్ చైర్మన్ చెల్లెలి మొగుడు. ఆయనకి బావగారు కాబట్టి అటెండరు దగ్గర్నుంచి అందరికీ బావగారే అయిపోయాడు. ఆ రోజుల్లో అక్కకి మోకాళ్లు వాచాయి. "కడిగిన ఇసుక పోయించానక్కా, చక్కెరలా ఉంది. ఈ ఎండలో మీరెందుకు రావడం?" అని బావగారు ఫైలు పంపించాడు. దాన్ని ఆమె బల్ల మీద పెట్టింది నేనే. కూర్చున్న చోటే సంతకం పెట్టింది. ఇరవై రెండేళ్లలో చూడకుండా పెట్టిన సంతకం నాకు తెలిసి అదొక్కటే.

ఆ మధ్యాహ్నమే ఇద్దరం పార్కుకి వెళ్లాం. అక్క చేతిలో కుండీల్లో మట్టి తవ్వే చిన్న తాపీ ఉంది. జారుడుబల్ల కింద మోకాళ్ల మీద కూర్చుని తవ్వడం మొదలుపెట్టింది. నాలుగు వేళ్ల మందం ఇసుక. దాని కింద తాపీ కరకరలాడింది. ఆకుపచ్చ, గోధుమరంగు, తెలుపు, అంతా పగలగొట్టిన గాజు. లోతుకి వెళ్లేకొద్దీ పుల్లటి కంపు. సిరప్పు సీసాల అడుగున మిగిలిన తీపికి చీమలు, ఊరగాయ జాడీ పెంకులకి బూజు, మూతలకి అంటుకుపోయిన జిగురు. ఒక పెంకు తిప్పి చూస్తే దాని కింద తెల్లటి పురుగులు మెదిలాయి. నేను రెండడుగులు వెనక్కి వేశాను. అక్క మాత్రం చెయ్యి తీయలేదు. మూరెడు లోతు వరకూ తవ్వింది.

"పైన పటారం, లోన లొటారం అంటే ఇదే తమ్ముడూ" అంది. నవ్వలేదు.

పార్కు ఊడ్చే ఆవిడ చీపురు పక్కన పెట్టి వచ్చింది. "వాన పడ్డప్పుడల్లా పైకి తేలుతుందమ్మా. నేనే ఏరి పారేస్తున్నా" అని అరచేతులు చూపించింది. పాత గాట్ల మీద కొత్త గాట్లు.

"ఎవరికీ చెప్పలేదా?"

"మూడుసార్లు చెప్పా. మీ ఆఫీసులోనే. బోర్డు మీద సంతకం ఉంది, నోర్మూసుకోమన్నారు."

అక్కడి నుంచి రీసైక్లింగ్ కేంద్రానికి వెళ్లాం. దాని గోడ మీద నవ్వుతున్న సీసా బొమ్మా, నవ్వుతున్న కాగితం బొమ్మా వేసి ఉన్నాయి. ముందువైపు మూడు రంగుల తలుపులు: గాజుకొకటి, కాగితానికొకటి, ప్లాస్టిక్‌కొకటి. జనం వరసగా నిలబడి ఎవరి సంచులు వాళ్లు సరైన తలుపులో వేసి తృప్తిగా వెళ్తున్నారు. అక్క వెనకవైపుకి నడిచింది. వెనక చూస్తే మూడు తలుపులకీ గొయ్యి ఒక్కటే. తడిసిన అట్టలు, సీసాలు, ఎవరో పడేసిన పిల్లల డైపర్లు అన్నీ కలిసి నానుతున్నాయి. గొయ్యి చుట్టూ ఈగలు ఎంతగా ముసిరాయంటే నోరు తెరవాలంటే భయం వేసింది.

బావగారు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని వచ్చాడు. తన చోటి గాలి తనే పీల్చలేకపోతున్నాడు.

"రంగులు కలిసిపోయిన గాజు ఫ్యాక్టరీవాడు తీసుకోవట్లేదక్కా. దూరం తోలి పారబోయాలంటే ఎంత శ్రమ? పార్కులో గొయ్యి ఎలాగూ ఉంది. గాజు కూడా ఇసుకేగా, కరిగించకముందు."

"మరి ఆ మూడు తలుపులెందుకు?"

"అవి జనం తృప్తి కోసమక్కా" అన్నాడు, చిన్నపిల్లకి చెప్పినట్టు.

అక్క అతని వంక చూసిన చూపు నాకిప్పటికీ గుర్తే. చెప్పు కింద ఏదో తొక్కినప్పుడు చూస్తామే, అలా చూసింది.

ఆ సాయంత్రం అక్క ఇంటికెళ్తే వాళ్ల అత్తగారు సింకు దగ్గర నిలబడి సీసాలు కడుగుతోందట. కౌన్సిల్ కరపత్రం వచ్చినప్పటి నుంచీ ఆ పెద్దావిడకి అదో దీక్ష. సీసాలు వేణ్నీళ్లలో నానబెట్టి, చీటీలు గోటితో గీకి, ఆరబెట్టి, రంగుల వారీగా సర్దేది. తప్పు డబ్బాలో వేసిన కొడుకుని భోజనం దగ్గర కూడా వదిలేది కాదు.

"అత్తయ్యా, ఇక కడక్కండి" అంది అక్క.

"ఏం? నీళ్లు రావట్లేదా?"

అక్క జరిగిందంతా చెప్పింది. పెద్దావిడ విని, చేతిలో సీసా కింద పెట్టి, తడి చేతులు తుడుచుకుంది. "అంటే ఆ పిల్ల మోకాల్లో దిగింది నేను కడిగిన సీసా కూడా అయ్యుండొచ్చన్నమాట. ఛీ!" అంది. కోడలి మొహంలోకి చూస్తూ, "మరి నువ్వు చూడలేదా అమ్మాయ్? చూడ్డమేగా నీ పని?" అని అడిగింది.

"చూడలేదు అత్తయ్యా. చూశానని సంతకం పెట్టాను."

పెద్దావిడ తిట్టలేదట. ఆ రాత్రి మాత్రం కోడలితో మాట్లాడలేదట. అదే ఎక్కువ తగిలిందని అక్క నాతో అంది.

గురువారం కమిటీ కూర్చుంది. అక్క ఫొటోలు తీసుకెళ్లింది. గొయ్యి, గాజు, ఊడ్చే ఆవిడ అరచేతులు, పిల్ల మోకాలు. అధ్యక్షుడు క్రీము బిస్కెట్టు టీలో ముంచి తింటూ, అదే వేలితో ఫొటోలు తిప్పాడు. పిల్ల మోకాలి మీద క్రీము అంటింది. పక్కాయన కాగితంతో తుడిచి, "ఫొటో బాగా వచ్చింది" అన్నాడు.

"పిల్లలన్నాక పడతారు, లేస్తారు" అన్నాడు వైస్ చైర్మన్.

"తనిఖీ పత్రం సవ్యంగా ఉంది కదా. గాజు తర్వాత తాగుబోతులెవరో పడేసి ఉంటారు" అన్నాడు ఇంకొకాయన.

"మూరెడు లోతునా? తాగుబోతులు గొయ్యి తవ్వి, గాజు నింపి, పైన ఇసుక చల్లి, చదును చేసి మరీ వెళ్లారా?" అంది అక్క.

అధ్యక్షుడు చెయ్యి దులుపుకుని మెత్తగా అన్నాడు. "చూడమ్మా, పత్రం మీదున్నది నీ సంతకమే. ఇప్పుడు నీ సంతకం అబద్ధమని నువ్వే అంటావా? ఇరవై రెండేళ్ల సర్వీసు. ఆలోచించుకో. ఇసుక ఇంకో రెండు ట్రక్కులు పోయిస్తాడులే."

అందరూ ఆమె నీళ్లు నములుతుందనే అనుకున్నారు. నేనూ అనుకున్నాను.

"అబద్ధమే" అంది అక్క. "ఆ రోజు నేను పార్కుకి వెళ్లలేదు. చూడకుండా పెట్టాను. ఆ పత్రం వెనక్కి తీసుకుంటున్నా. తమ్ముడూ, ఇది రాయి. ఉన్నదున్నట్టు రాయి."

"అది రాయక్కర్లేదు" అన్నాడు అధ్యక్షుడు.

నా పెన్ను ఆగింది. తొమ్మిదేళ్ల అలవాటు కదా, ముందు ఆయన మొహమే చూశాను. ఆ మీసం మీద అంటుకున్న బిస్కెట్టు పొడి చూడగానే నాకు నా మీదే రోత పుట్టింది. రాశాను. తారీఖు వేసి, టైము వేసి రాశాను.

పత్రం వెనక్కి తీసుకుంటే ఏమవుతుందో అక్కకి బాగా తెలుసు. తనిఖీ పత్రం లేని ఆటస్థలాన్ని ఆ రోజే మూసేయాలి. మళ్లీ తవ్వి చూసేదాకా తెరవకూడదు. ఆ నిబంధనని ఎవరూ కదపలేరు. సాయంత్రానికి గేటుకి తాళం పడింది. అదే కాంట్రాక్టరు పని చేసిన మిగతా మూడు పార్కుల్లోనూ తవ్వించారు. రెండింట్లో గాజు బయటపడింది. అక్కడికి అక్క వెళ్లి పైపైన చూసింది కానీ, తవ్వి చూడలేదు.

ఇక్కడితో న్యాయం గెలిచిందని చెప్పి ముగించాలని నాకూ ఉంది. కానీ జరిగింది వేరు. ఆ గాజు తవ్వి తీసే పని ఎవరికిచ్చారనుకున్నారు? బావగారికే. ట్రక్కులు ఆయన దగ్గరే ఉన్నాయట. రీసైక్లింగ్ కేంద్రం ఆయన పేరు మీంచి ఆయన భార్య పేరు మీదికి మారింది. గోడ మీద సీసా బొమ్మకి కొత్త రంగు వేశారు. విచారణ మాత్రం అక్క మీద జరిగింది. చూడకుండా సంతకం పెట్టినందుకు ఆమెని పార్కుల పని నుంచి తప్పించి జనన మరణాల నమోదుకి పంపారు. కమిటీ అయిదుగురూ తొమ్మిదేళ్లు చూడకుండానే నా మినిట్స్ మీద సంతకాలు పెట్టారు. వాళ్లని అడిగిన నాథుడు లేడు.

తవ్వకం జరిగిన పదకొండు రోజులూ అక్క సెలవు పెట్టి పార్కు గేటు దగ్గరే నిలబడింది. అత్తగారు ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని పక్కన కూర్చునేది. పని ఆపి సిగరెట్టు ముట్టించినవాణ్ణల్లా "నాయనా, ఆ మూల మర్చిపోయావు" అని లేపేది. అక్క చెప్పిందని నేను ట్రక్కుల్లో ఎక్కి, గాజు ఎక్కడ దింపుతున్నారో చూసి రాసుకొచ్చాను. మొదటి రోజే డ్రైవరు బండిని పెద్ద కాలువ వైపు తిప్పబోయాడు. నేను పక్కనున్నానని గుర్తొచ్చి మళ్లీ చెత్త యార్డు రోడ్డెక్కించాడు.

కొత్త ఇసుక పోశాక అధ్యక్షుడు వచ్చి రిబ్బను కత్తిరించాడు. పిల్లల భద్రతే తన ఊపిరి అన్నాడు. బావగారు చప్పట్లు కొట్టాడు. అక్కని ఎవరూ పిలవలేదు. వాళ్లంతా వెళ్లిపోయాక వచ్చింది. చెప్పులు విడిచి, ఇసుకలో ఈ చివర నుంచి ఆ చివరకి నాలుగుసార్లు నడిచింది. మధ్య మధ్య ఆగి మడమతో అదిమి చూసింది.

బట్టలు కుట్టే ఆవిడ పిల్లని జారుడుబల్ల పైకి ఎక్కించింది. పిల్ల పైన కమ్మీ పట్టుకుని కూర్చుండిపోయింది.

"జారమ్మా, ఏం లేదు. చూడు, తనిఖీ అత్త నడుస్తోంది" అంది తల్లి.

"రాను" అంది పిల్ల.

"రావద్దులే బంగారం. తొందరేం లేదు" అంది అక్క.

చివరికి తల్లే మెట్లెక్కి పిల్లని ఎత్తుకుని దింపింది.