పాలమూరు పరుగులు

ఆయన నల్లగొండ తాలూకా కచ్చేరీలో గుమాస్తా. మా క్రికెట్ జట్టులో అందరికంటే పెద్దవాడు. బొంబాయి టెస్టులో మనవాడు సెంచరీ కొట్టాడని నేను పత్రిక చదివి వినిపిస్తే, తమలపాకు నములుతూ పెదవి విరిచేవాడు.

"ఇంటికాడ ఎవడైనా కొడ్తడు తమ్మీ. విలాయత్ పోయి కొట్టినంక పెద్దోడందాం."

ఆ మాట నాకే తగిలేది. నల్లగొండ మైదానంలో పిచ్‌గా మేకులు కొట్టి పరిచే పీచు చాప మీద బంతి ఎక్కడ పడితే ఎంత లేస్తుందో నాకు కంఠతా వచ్చు. అక్కడ జట్టు పరుగుల్లో సగం నావే. ఆయనవి ఇరవై దాటేవి కావు.

ఒకసారి పాలమూరు వెళ్లి ఆడాం. అక్కడ చాప కింద గట్టి మొరం నేల. బంతి గుండెల మీదికి లేచేది. నేను నాలుగు పరుగులకే అవుటయ్యాను. ఆయన ఒళ్లంతా దెబ్బలు తింటూ నలభై ఒకటి కొట్టాడు. తిరుగు బస్సులో అందరూ ఆయన చుట్టే చేరారు.

"నల్లగొండ చాప నెత్తిన పెట్టుకొని రాకపోతివి?" అని ఒకడు నన్ను ఎగతాళి చేశాడు.

హైదరాబాదు పత్రికకు ఆటల వార్తలు రాసి పంపేది నేనే. ఆయన పరుగులు దాచలేకపోయాను. ఆట ఎక్కడ జరిగిందో మాత్రం రాయలేదు.

అచ్చయిన వార్త చూసి ఆయన అడిగాడు.

"ఊరి పేరేది తమ్మీ?"

"పేపర్ల జాగా సరిపోలే అన్నా."

ఆయన నవ్వాడు. నా చేతిలోని కలం తీసుకుని, ఆ వార్త పక్కన 'పాలమూరు' అని రాసి, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆ అబద్ధానికి ఇప్పటికీ సిగ్గుపడతాను. ఆ నలభై ఒకటి నావి కాలేదన్న కడుపుమంట మాత్రం చల్లారలేదు.