ప్రార్థనలో ‘మనం’

మిల్లులో నూలు చుట్టే రీలింగు పని ముగించుకుని, ఇంటికి పోయే పోదనూరు బండి ఎక్కేముందు గ్రంథాలయానికి పోయేదాన్ని. నా బడి ఐదో తరగతితో ఆగింది, అదీ అరవంలో. ఇంగ్లీషు నిఘంటువు పక్కన పెట్టుకుని నేర్చుకున్నాను. తెలుగు అక్షరాలు అమ్మ బైబిల్లో కూడబలుక్కున్నాను. ఇది ఎవరో పెట్టిన భిక్ష కాదు. చెప్పుకోవడానికి నాకు సిగ్గూ లేదు.

అక్కడే ఒక పుస్తకంలో జమైకా దీవిలోని రాస్తఫారీలనే మతస్థుల గురించి చదివాను. ఇథియోపియా చక్రవర్తిని వాళ్ళు దేవుడనడం నాకు మింగుడుపడలేదు. కానీ సత్యాన్ని వెతికే వాళ్ళ పద్ధతి నన్ను పట్టేసింది. గుండ్రంగా కూర్చుని బైబిలు చదువుతారు, వాదించుకుంటారు. నడుమ పాదిరి ఉండడు. దేవుణ్ణి నమ్ముతున్నామనరు, ఎరుగుదుమంటారు. ‘నువ్వూ నేనూ’ అనాల్సిన చోట ‘నేనూ నేనూ’ అంటారు. ఇద్దరిలోనూ ఉన్నది ఒకే దేవుడట.

దాన్ని తెలుగులో ఎలా అనాలా అని నూలు చుడుతూ ఆలోచించాను. మనకు మాట ఉండనే ఉంది. ఎదుటివాణ్ణి విడిచిపెడితే ‘మేము’, కలుపుకుంటే ‘మనం’. దేవుడితో మాత్రం ఎప్పుడూ ‘మేము’ అనే అంటాం. పిలిచి పిలిచి ఆయన్ని గుమ్మం బయటే నిలబెడుతున్నాం.

ఆదివారం సాయంత్రం మా వీధి తెలుగు కుటుంబాలు ఒకరింట్లో కూడేవి. ప్రార్థన వంతులవారీగా చెప్పేవాళ్ళం. నా వంతు రాగానే, “దేవా, మనం ఒకటిగా కూడి ఉన్నాం, మనల్ని నడిపించు” అన్నాను.

సంఘపెద్ద కళ్ళు తెరిచాడు. “ఏమ్మే, మేము అను. మనమంటే దేవుణ్ణిగూడా పాపుల్లో చేర్చేస్తివే.”

“నేను చేర్చలేదయ్యా. ఆయన ముందే ఆడ ఉండాడు.”

నా పక్కనున్న మేనత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వు దాచుకుంది.

పెద్దాయన ఊరుకోలేదు. “లైబ్రరీకి పోయి పోయి చెడిపోతివి. వచ్చే వారం మేము అంటేనే నీకు వంతు. లేకుంటే ఊరికే కూర్చో, సరియా?”

దారిలో అమ్మ బతిమాలింది. “ఒక్క మాటకి ఏల ఇంత పిడివాదం? అనేస్తే పోతుంది కదా.”

“తెలిసినాక తెలీనట్టు ఎట్లమ్మా అనేది?”

మరుసటి ఆదివారం పెద్దాయన నన్ను దాటేసి అత్తకు వంతిచ్చాడు. ఆమె కళ్ళయినా మూసుకోలేదు.

“నాకు గొంతు కట్టేసిందన్నా. పిల్ల చెప్పనీ.”

ఆయన వద్దనేలోగా, మిల్లులో యంత్రాల రొదను దాటి మాట్లాడే గొంతుతో మొదలుపెట్టాను.

“దేవా, మనం...”